ఎనభై పోగులు

సుంకప్పది ధర్మవరం. గుంట మగ్గంలో పదహారేళ్లు కూర్చుని నేశాడు. నడుము పట్టేసి ఇక కూర్చోలేనన్నాక, పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో హిందూపురం పట్టు ఆఫీసులో అటెండరుగా చేరాడు. చదువు ఐదో తరగతి. చినిగిన ఫైళ్లు అతికిస్తూ, ఊడిన రిజిస్టర్లు కుట్టుకుంటూ ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాడు. ఆదివారాలు ఇంటి నుంచి తిరిగొచ్చే దారిలో పెనుకొండలో దిగి, తాలూకా కచేరీ రిజిస్టర్లు బైండు చేసే పాపన్న దగ్గర కూర్చుని ఆ పనీ పట్టుకున్నాడు.

అరవై రెండులో బెంగళూరు నుంచి ముప్పై గోనెసంచులు దిగాయి. పురుగుల మీద పరిశోధన చేసిన పెద్దాయన ఒకాయన రిటైరవుతూ, తాను కూడబెట్టిన పత్రికలన్నీ ఆఫీసుకు ఇచ్చేశాడు. మొత్తం నూట ఐదు రకాలు. వాటిని ఉత్తరం వైపు చల్లటి గదిలో పేర్చి, దుమ్ము దులిపే పని సుంకప్పకు పడింది.

రెండేళ్ల తరువాత సూపరింటెండెంటు వెంకటరాముడు ఆ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ గది కావల్లప్పా. పట్టుగుడ్లు పెట్టేకి ఇంతకన్నా చల్లటి గది మనకు లేదు. ఎండాకాలంలో పోయినేడు సగం ముందే పొదిగిపాయ. ఇవన్నీ యాడన్నా సర్దు."

"యాడ సర్దేది సార్? ఉండేది ఒక బీరువా."

"అయితే మనకు పనికొచ్చేటివి ఏవో చూసి చెప్పు. మిగతావి తీసేద్దాం."

చూసి చెప్పడం అంటే సుంకప్పకు లెక్కపెట్టి చెప్పడమే. పురుగుల జబ్బుల మీద రాసిన వ్యాసాలు మాత్రమే తీసుకున్నాడు. గోడకు వరసగా మేకులు కొట్టి, పత్రికకు ఒక పోగు చొప్పున వేలాడదీశాడు. వ్యాసం కనపడినప్పుడల్లా ఆ పత్రిక పోగుకు ఒక ముడి వేసి, పత్రిక పేరు, సంవత్సరం, పేజీ నంబరు రిజిస్టరులో రాసుకున్నాడు. జపాను పత్రికల్లో చివర ఇంగ్లీషులో నాలుగు ముక్కలుంటాయి, అవి చాలు. నాలుగు నెలలు పట్టింది. ముడులు మొత్తం మూడువందల డెబ్బై రెండు.

పోగులను ముడుల లెక్కన వరస మార్చి పెట్టేసరికి గోడ మీద ఒక వాలు కనపడింది. మొదటి ఐదు పోగులకే నూట ఇరవై నాలుగు ముడులు, దండల్లా బరువుగా ఉన్నాయి. తరువాతి నూట ఇరవై నాలుగు ఇరవై పోగుల్లో సర్దుకున్నాయి. చివరి నూట ఇరవై నాలుగూ ఎనభై పోగుల మీద చెదిరాయి, ఒక్కోదానికి ఒకటి, మహా అయితే రెండు. ఐదు, దానికి నాలుగింతలు ఇరవై, దానికి మళ్లీ నాలుగింతలు ఎనభై. పొరపాటేమోనని మల్బరీ తోటల మీద రాసినవి ఇంకోసారి లెక్కపెట్టాడు. అంకెలు మారాయి గాని వాలు అదే. ఎందుకట్లా ఉందో అతనికి తెలియదు. ఉందని మాత్రం తెలుసు.

ఆ ఎనభైలో ఒకటి తేనెటీగలు పెంచేవాళ్ల పత్రిక. పురుగు ఒంటి మీద మిరియాల చుక్కల్లా లేచే జబ్బు తల్లి నుంచి గుడ్డుకు ఎట్లా దిగుతుందో అంత విడమరచి పెద్ద పత్రిక ఏదీ రాయలేదు. ఎవరు వెతుకుతారు దాన్ని తేనెటీగల్లో?

ఇదంతా చెప్పాలనే సూపరింటెండెంటు ముందు నిలబడ్డాడు. కానీ ధర్మవరం చెయ్యి అతనిది. షావుకారు ముందు చీర పరిస్తే మొదట కొంగు చూపించాలి, ఒళ్లు తరువాత. అలవాటుకొద్దీ మంచి ముక్క ముందు విప్పాడు.

"మూడో వంతు అయిదింట్లోనే ఉండాది సార్. ఇంకో మూడో వంతు ఇరవైలో."

"అంటే ఇరవై అయిదు పెట్టుకుంటే మూడింట రెండొంతులు మన చేతిలో ఉన్నట్లే. శభాష్ సుంకప్పా." వెంకటరాముడు అప్పటికే రాస్తున్నాడు. "బీరువాకు సరిపోతాయి. ఎనభై పాతకాగితాలకు పోతాయి."

"అది కాదు సార్. మిగిలింది కూడా మొదటిదంతే ఉండాది. నూట ఇరవై నాలుగు."

"ఎనభై పత్రికలు మోయల్ల దానికి. గుడ్లు యాడ పెడదాం, నీ నెత్తినా?"

మనిషి చెడ్డవాడు కాదు. గుడ్లు చెడితే రైతుల పంట పోతుందన్నదీ నిజమే. సుంకప్ప, "వ్యాసాల వరకు కోసుకుంటా సార్, బైండు చేస్తే ఒక పుస్తకం అవుతాది" అన్నాడు.

"కోసుకో. పది దినాలు. పదకొండో దినం గుడ్లొస్తాయి."

కోయడం అనుకున్నంత సులువు కాదు. కత్తితో గీస్తే అంచు పోతుంది. వెన్ను దారం తెంపి, మడత మడతగా విప్పి, కావలసిన ఆకులు తీసి, వెనక సన్న కాగితపు పట్టీ అతికించాలి. రోజుకు ఆరేడు పత్రికలకు మించలేదు. సాయంత్రానికి వేళ్లు జిగురుతో గట్టిపడి పిడికిలి మూసుకునేది కాదు. శనివారం ఇంటికి వెళితే భార్య నీలావతి అతని చేతులు చూసి, "నడుము కోసం మగ్గం మాన్పిస్తే, ఇప్పుడు చేతులు పోగొట్టుకుంటావా?" అంది. అతను అన్నం కలుపుకోలేక స్పూను అడిగాడు.

తొమ్మిదో రోజుకు అరవై ఒక్క పత్రికలయ్యాయి. తొంభై ఏడు వ్యాసాలు. వాటిని మూటకట్టి ప్యాసింజరులో పెనుకొండకు తీసుకుపోయాడు, పుస్తకాలు బిగించే చెక్క పాపన్న దగ్గరే ఉంది గనక. మిగిలిన పంతొమ్మిదింట్లో వీలైనన్ని, తిరిగొచ్చాక రాత్రంతా కూర్చుని విప్పుదామనుకున్నాడు.

"ఏమప్పా, పురుగుల పురాణం తెచ్చినావే," అన్నాడు పాపన్న. "ఒక ఆకు పొడుగు, ఒక ఆకు పొట్టి. ఎన్ని తల్లుల బిడ్డలప్పా ఇవి?"

"అరవై ఒక్క తల్లులు."

"మరి అంచు కోసి సమం చేద్దామా?"

"వద్దు. కోస్తే అక్షరాలు పోతాయి. ఎగుడుదిగుడుగానే ఉండనీ."

ఇద్దరూ కలిసి కుట్టి, చెక్కలో బిగించి, మరునాడు అట్ట వేశారు. జిగురు ఆరేదాకా ఆగి, సాయంత్రం బండికి హిందూపురం చేరాడు.

గది తలుపు తీసి ఉంది. లోపల సున్నం వాసన. గోడ మేకులు పీకేశారు. గుడ్ల అట్టలు తట్టల్లో వరసగా ఉన్నాయి. మిగిలిన పంతొమ్మిది పత్రికల కట్టలు లేవు.

"ఒక దినం ముందే దిగినాయప్పా గుడ్లు," అన్నాడు వెంకటరాముడు, అతని ముఖం చూడకుండా. "పాతకాగితాలోడు బండితో వచ్చినాడు. నేనేం చేసేది? గుడ్లు వాకిట్లో పెడితే ఎండకు పోతాయి."

"నిజమే సార్."

ఆ కట్టలు ఈపాటికి బజారులో శనగల పొట్లాలై ఉంటాయి. వసారాలో బల్ల దగ్గర కూర్చుని రిజిస్టరు తెరిచాడు. కొత్త పుస్తకం చివర పాపన్న నాలుగు తెల్ల కాగితాలు వదిలాడు. పోయిన ఇరవై ఏడు వ్యాసాలకు పత్రిక పేరు, సంవత్సరం, పేజీ చూసి, ఒక్కొక్కటే ఆ కాగితాల మీద ఇంగ్లీషు అక్షరాల్లో దించడం మొదలుపెట్టాడు. వ్యాసం ఇక్కడ లేకపోయినా ఎక్కడుందో తెలిస్తే, కావలసినవాడు బెంగళూరుకు ఉత్తరం రాసి తెప్పించుకుంటాడు. వేళ్లు సరిగా వంగక పెన్ను రెండుసార్లు జారింది. పదకొండోది రాసేసరికి వెలుతురు తగ్గింది. మిగతావి రేపు రాద్దామని కలం మూసి, సిరా ఆరేదాకా పుస్తకం తెరిచే ఉంచి కూర్చున్నాడు.