గదిలో పెట్టిన పేరు

జనగామలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న రోజులు. ఒక ఆదివారం పొద్దున హాస్టల్ పంపు దగ్గర బట్టలు పిండుతుంటే గల్ఫ్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మా లంబాడీ ఇళ్ళలో నాన్నను ‘బా’ అంటాం, అమ్మను ‘యాడి’ అంటాం. సబ్బు చేతులతోనే ఎత్తి “బా” అన్నాను. అవతల ఉన్నది బా కాదు. బాతో ఒకే గదిలో ఉండే మనిషి, జగిత్యాల వైపు ఆయన.

“బిడ్డా, మీ బాపును పోలీసులు పట్టుకపోయిండ్రు” అన్నాడు.

ఆయన చెప్పింది నాలుగుసార్లు అడిగి తెలుసుకున్నాను. శుక్రవారం సెలవని ఇద్దరూ కూరగాయలకు పోయారట. బజారులో పోలీసులు అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డులు చూస్తున్నారు. బా కార్డుకు గడువు అయిపోయి నెల దాటింది, కంపెనీ వాళ్ళు కొత్తది చేయించలేదు. కార్డు లేని వాళ్ళందరినీ ఒక పక్కకు నిలబెట్టి, ఏ దేశమో అడిగి, దేశానికో బండి ఎక్కిస్తున్నారు. బాను చూసి ఒక పోలీసు “బంగాలీ?” అన్నాడట. బా తల ఊపాడట. ఒకసారి కాదు, రెండుసార్లు ఊపాడట. ఈయన వెనక నిలబడి చూస్తూనే ఉన్నాడు గానీ నోరు పెగల్లేదు. బంగాలీ అంటే అక్కడ బంగ్లాదేశ్ మనిషి. ఆ బండిలో ఎక్కినవాళ్ళను నేరుగా బంగ్లాదేశ్ విమానమే ఎక్కిస్తారని అందరూ అనుకుంటున్నారట.

బట్టలు అక్కడే వదిలేసి బస్టాండుకు పరిగెత్తాను. పాలకుర్తి, తొర్రూరు దాటి మానుకోట వచ్చేదాకా ఫోన్‌లో బంగ్లాదేశ్ పటమే చూస్తూ కూర్చున్నాను. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. బాను తీసుకుపోయి ఆ పటంలో ఎక్కడో దింపేస్తే, మాది గూడూరు అని చెప్తాడు. ఏ గూడూరు అంటారు. మన తెలుగు నేల మీదే ఎన్ని గూడూర్లో. నాకు ఏడుపు వచ్చింది, పక్క సీటావిడ చూస్తోందని ఆపుకున్నాను.

మా తండా గూడూరుకు ఆటోలో పావుగంట. నేను వెళ్ళేసరికి యాడి చుట్టూ తండా సగం కూర్చుని ఉంది. బా ఎందుకు తల ఊపాడన్నదానికి అప్పటికే అందరూ ఒక మాటకు వచ్చారు. పోలీసు ‘బంగాలీ’ అంటే బాకు ‘బంజారీ’ అని వినపడి ఉంటుందట. మేము లంబాడీలమని బయటివాళ్ళు అంటారు, బంజారాలమని మేము చెప్పుకుంటాం, ఇంట్లో మాత్రం గోర్ అనుకుంటాం. మేము కాని ప్రతి మనిషీ మాకు కోర్. పేర్లు పెట్టడంలో మేమేం తక్కువ తినలేదు. ఒక పెద్దాయనైతే, చూశారా, అరబ్బుల దాకా మన పేరు పోయింది అని మీసం దువ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. బా నోరు మంచిదే, పోయిన ఊరే మంచిది కాలేదు.

యాడి మాత్రం లేచి లోపలికి పోయింది. బా పోయేటప్పుడు ఇచ్చిన పాస్‌పోర్టు జిరాక్స్‌ను ట్రంకుపెట్టెలో నుంచి తీసి నా చేతిలో పెట్టింది. ఫొటో తీసి జగిత్యాలాయనకు పంపాను. ఆయన పట్టుకుని పోతే స్టేషన్ గేటు దగ్గరే తరిమేశారట. అసలు పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది. కంపెనీ మనిషిని అడిగితే “బుక్రా” అన్నాడట. బుక్రా అంటే రేపు. ఆ రేపు ఎన్ని రోజులకు వస్తుందో తెలిసినవాళ్ళు లేరు.

ఆయనే ఒక దారి చెప్పాడు. వాళ్ళ గదిలోనే ఉండే ఇంకొకాయన సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నాడు. భూపాలపల్లి జిల్లా, రేగొండ దగ్గర పల్లె. పద్నాలుగేళ్ళుగా అక్కడ పని చేస్తున్నాడు, అరబ్బీ వస్తుంది, కంపెనీ డ్రైవర్‌తో దోస్తీ ఉంది. ఫోన్ కలవడం లేదు, పోయి పట్టుకోండి అన్నాడు.

సోమవారం తెల్లారి యాడి, నేను మూడు బస్సులు మారి రేగొండ చేరాం. దారంతా నాకు ఒకటే భయం. ఈలోపే బాను విమానం ఎక్కిస్తే? యాడి నా చెయ్యి వదల్లేదు. చిన్నప్పుడు జాతరలో కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

ఆ రేగొండ కాక పత్తి చేనులో మందు కొడుతున్నాడు. విషయం వినగానే పంపు దించేసి, కాళ్ళు చేతులు కడుక్కుని, మమ్మల్ని ఇంటికి తీసుకుపోయి చాయ్ పెట్టించాడు. బంజారా కథ యాడే చెప్పింది. ఆయన వింటూ వింటూ, భయపడకండని మాకు ధైర్యం చెప్పడానికేమో, అక్కడి పేర్ల సంగతి ఎత్తుకున్నాడు. కేరళ వాళ్ళను అక్కడ మల్‌బారీ అంటారట. మలబారు తీరం నుంచి పడవల్లో ముందుగా పోయింది వాళ్ళేనట, అందుకని తర్వాత మనవైపు నుంచి పోయినవాళ్ళను కూడా కొందరు అదే పేరుతో పిలుస్తారట. రఫీక్ అంటే దోస్తు అని అర్థమట. కానీ చెత్త ఎత్తే మనిషిని, ఇటుకలు మోసే మనిషిని పేరు అడగకుండా పిలవడానికి ఆ మాటే వాడతారట. మరి మనోళ్ళు తక్కువా, రాత్రి కాపలా ఎవడు కాసినా గూర్ఖా అంటం గదా అని నవ్వాడు.

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కాసేపు యాడి వైపు చూడలేకపోయాడు.

“బంజారా కాదు చెల్లె. గా పేరు మేమే పెట్టినం” అన్నాడు.

రోజూ సాయంత్రం బా మాతో ఫోన్‌లో మా లంబాడీ భాషలో మాట్లాడేవాడు కదా. గదిలో అందరూ తెలుగువాళ్ళే గానీ ఆ మాటలు ఒక్కరికీ అర్థమయ్యేవి కావు. ఒకనాడు ఈ కాకే, గిదేం బంగాలీ భాష అని ఎగతాళి చేశాడు. గది గదంతా నవ్వింది, బా కూడా నవ్వాడు. ఆనాటి నుంచి అదే పేరు. బంగాలీ, ఉప్పు అందియ్యి. బంగాలీ, నీళ్ళొచ్చినయ్ లే. రెండేళ్ళు. ఆ బజారులో పోలీసు అడిగింది బాకు దేశంలా వినపడలేదు. తన పేరులాగే వినపడింది. పిలిస్తే పలికాడు, అంతే.

చేతిలోని చాయ్ ఆయన మొహాన కొట్టాలనిపించింది. కానీ మా బా ప్రాణం ఆయన మాట మీద వేలాడుతోంది, అందుకని ఆ చాయ్ చివరి చుక్క దాకా తాగాను. నిజం చెప్పాలంటే నాకు కోపగించుకునే ముఖం కూడా లేదు. జనగామ బయట ఇటుక బట్టీల్లో పనిచేసే అమ్మాయిలను మా హాస్టల్లో బీహారోళ్ళు అనేవాళ్ళం, నేనూ అన్నాను. వాళ్ళది ఒడిశా అని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

కాక ఆ పూటంతా ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. డ్రైవర్ దొరికాడు. అతడికి స్టేషన్‌లో తెలిసినవాళ్ళున్నారు, జిరాక్స్ లోపలికి చేర్పించగలడు. ఆ తర్వాత నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

“నీ నంబర్‌కు ఫోన్ జేస్తరు కావచ్చు. మీ బాపు హిందీయా అని అడుగుతరు. హిందీ కాదు, తెలుగు అంటివి అనుకో, ఆగమైతడు. గాడ హిందీ అంటే భాష గాదు బిడ్డా, మన దేశపోడు అని.”

అడిగితే నేను కచ్చితంగా అదే అనేదాన్ని. మేము హిందీ వాళ్ళం కాదండీ అని, ఒత్తి మరీ చెప్పేదాన్ని. తిరుగు బస్సులో యాడి జపం చేస్తున్నట్టు “హిందీ, హిందీ” అని గొణుగుతూనే ఉంది, ఫోన్ తానే ఎత్తాల్సి వస్తుందేమోనని. పక్కవాళ్ళు వింతగా చూశారు. నేను ఫోన్‌ను రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాను. చార్జింగ్ అయిపోతుందేమోనని ఒక భయం, మోగుతుందేమోనని ఇంకొక భయం.

మంగళవారం మధ్యాహ్నం మోగింది. ముందు అరబ్బీ. తర్వాత ఇంకో గొంతు, అటూ ఇటూ కాని మాటల్లో, బా పేరేమిటని అడిగింది, ఊరు అడిగింది. చెప్పాను. కాసేపు కాగితాల చప్పుడు. “బంగాలీ? హిందీ?”

యాడి నా భుజం గిల్లింది. “హిందీ” అన్నాను. అవతలి మనిషికి వినపడలేదేమో అనుకున్నాను. “హిందీ, హిందీ” అని అరిచాను, గొంతు చీలిపోయేలా.

ఫోన్ చేతులు మారింది.

“బిడ్డా, నేను మంచిగున్న. మీరు రంది పెట్టుకోకుండ్రి.”

గొంతు బాది. భాష తెలుగు. పుట్టిన నాటి నుంచి బా నాతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. ఊళ్ళో కోర్ వాళ్ళతో, మేస్త్రీతో, బస్సు కండక్టర్‌తో మాట్లాడినట్టు నాతో మాట్లాడుతున్నాడు. కొట్టారేమో అనుకున్నాను. మతి తప్పిందేమో అనుకున్నాను. ఆపుకోలేక మా భాషలో, బా, తిన్నావా, నిన్నేమైనా చేశారా అని అడగబోయాను. సగంలోనే ఆపేశాడు.

“తెల్గుల మాట్లాడు బిడ్డా. తెల్గుల.”

బతిమాలుతున్నాడు. ఎవరో వింటున్నారని, మా మాట ఆ చెవుల్లో పడితే మళ్ళీ బంగాలీ అంటారని భయపడుతున్నాడని అప్పుడు తెలిసింది. నాకు తెలుగు బాగానే వచ్చు, పదో తరగతిలో తెలుగులో స్కూల్ ఫస్ట్. కానీ మా నాన్నను తెలుగులో ఏమని పిలవాలో నాకు తోచలేదు. చివరకు “నాయినా” అన్నాను. ఎవరి నాన్ననో పిలిచినట్టుంది. ఆయన “ఆ” అన్నాడు. ఫోన్ కట్టయింది.

గురువారం కంపెనీ మనిషి పాస్‌పోర్టుతో పోయి బాను విడిపించాడు. పేరు, ఫొటో సరిచూస్తే ఎటూ వదిలేసేవాళ్ళేనని, బంగ్లాదేశ్‌కు పంపడం అంత తేలిక కాదని తర్వాత చాలామంది చెప్పారు. అయి ఉండొచ్చు. ఆ ఐదు రోజులు మాకు ఎవరూ చెప్పలేదు. రేగొండ కాక ఆ సంవత్సరం సెలవు కుదించుకుని తిరిగిపోయి, గదిలో అందరి ముందూ బా కాళ్ళు పట్టుకున్నాడట. బా ఆయనను లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాడట. ఇద్దరూ ఇప్పటికీ పండగకో పబ్బానికో ఫోన్ చేసుకుంటారు.

బా ఇంటికొచ్చి ఏళ్ళయింది. రెండెకరాల పత్తి, ఒక ఎద్దుబండి. నాకు జనగామలోనే ఉద్యోగం. ఇంట్లో యాడితో మా భాషలోనే మాట్లాడతాడు, కొంచెం గొంతు తగ్గించి. అది వయసు అనుకున్నాను.

పోయిన నెల బాకు కళ్ళ పరీక్ష చేయించడానికి మానుకోట తీసుకుపోయాను. తిరిగి గూడూరు బస్సులో వస్తుంటే ముందు సీట్లోని ముసలామె వెనక్కి తిరిగింది. గాజుల చేతులు, మా మనిషే. మీది ఏ తండా నాయనా అని బాను మా భాషలో ఆప్యాయంగా అడిగింది.

“నాకు సమజ్ గాలె అవ్వా” అన్నాడు బా, తెలుగులో.

నాకు సిగ్గేసింది. కోపమూ వచ్చింది. ఆమెకు మా భాషలోనే మా తండా పేరు చెప్పాను. ఆమె మొహం విప్పారింది. ఆ తండాలో తన ఆడబిడ్డ ఉందని, ఈ మనిషిని ఎక్కడో చూసినట్టుందని, బస్సంతా వినపడేలా మొదలుపెట్టింది. బా నా మణికట్టు పట్టుకున్నాడు. లేచి, కండక్టర్‌ను బస్సు ఆపమన్నాడు. మేము దిగాల్సింది ఇంకా రెండు ఊళ్ళు దాటాక.

దిగాం. బస్సు వెళ్ళిపోయింది. అటూ ఇటూ పత్తి చేలు, రోడ్డు మీద మేమిద్దరమే. బా చాలా దూరం నడిచాడు. తర్వాత ఆగి, వెనక్కి ఒకసారి చూసి, తెలుగులోనే అడిగాడు.

“బిడ్డా, గామె నన్ను గుర్తువట్టిందంటవా?”