జోగమ్మ సొరబుర్ర

దయ్యాల మాటెత్తితే నవ్వేసే మనిషిని నేను. మా అత్తగారు గుమ్మానికి నిమ్మకాయలు కడితే విప్పి పులిహోర కలిపేసినదాన్ని. అందుకే ఈ సంగతి చెబితే ముందు మా ఇంట్లోనే నవ్వారు.

అమలాపురంలో కాలవగట్టు మీద ఓ చిన్న మ్యూజియంలో పనిచేస్తాను. నడిపేది సత్యవతిగారు. గోదావరి ఎగువన ముంపుకి ఖాళీ అవుతున్న కొండరెడ్ల ఊళ్ళకి లాంచీ మీద వెళ్ళి, అక్కడి ఆడవాళ్ళు వాడిన పూసలదండలు, వెదురుబుట్టలు అడిగి తెచ్చేవారు. ఆవిడ ఓపికకి దణ్ణం పెట్టాలి. ప్రతి వస్తువు పక్కనా అది వాడిన మనిషి పేరు రాస్తారు. పొద్దున్నే తలుపులు తీసి, "జోగమ్మా, బావున్నావా? కన్నమ్మా, బావున్నావా?" అని వరసగా పలకరిస్తారు.

"ఎవరైనా పలికేరాండీ?" అని ఆటపట్టించేదాన్ని.

"ఆయ్, నీకు వినపడదులే," అనేవారు.

జోగమ్మది సొరబుర్ర. ఎండిన సొరకాయలో గుజ్జు తీసేసి, అందులో సామ విత్తనం దాచుకుంటారు. అత్త చేతినుంచి కోడలికి వస్తుంది. ఎంత చల్లుకున్నా అడుగున పిడికెడు మిగల్చాల్సిందే, ఖాళీ చెయ్యకూడదు. బుర్ర ఇస్తూ జోగమ్మ ఆ మాటే చెప్పిందట.

కానీ ఆ గింజలకి పురుగు పట్టింది. వదిలేస్తే పక్కనున్న బుట్టలన్నీ పాడైపోతాయి. సత్యవతిగారు ఎటూ తేల్చుకోలేక, చివరికి నా చేత బోర్లించి దులిపించారు. వచ్చిందంతా పొట్టూ పిండీ. టార్చి వేసి లోపల చూశాను, బ్రష్షుతో తుడిచాను. ఒక్క గింజ లేదు. అద్దాల బీరువాలో పెట్టి తాళం ఆవిడే వేశారు. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు. మర్నాటి పలకరింపులో ఒక మాట పెరిగింది. "తప్పయిపోయిందమ్మా."

పోయినేడు తొలకరికి ముందు జోగమ్మ కోడలు చిన్నమ్మి వచ్చింది, పునరావాస కాలనీ నుంచి బస్సులు మారుతూ. అత్త పోయిందట. కాలనీ వెనక కాస్త మెట్ట దొరికిందట. చల్లుకుందామంటే వాళ్ళ విత్తనం ఎవరి దగ్గరా మిగల్లేదట.

"మా అత్త బుర్రలో పిడికెడు ఉంటదమ్మా. అదిస్తే చాలు," అంది.

సత్యవతిగారి మొహం చూడలేకపోయాను. ఆ మనిషికి రావలసిన కష్టమా ఇది! ఆవిడ తాళం తీసి, బుర్రని రెండు చేతులా అందించారు.

చిన్నమ్మి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గలగలమంది.

కొంగు పరిచి వంపింది. పిడికెడు సామలు. పురుగు లేదు, పుచ్చు లేదు.

"నువ్వు పోశావా?" అని సత్యవతిగారు నన్ను పక్కకి పిలిచి అడిగారు. నేను ఆవిడే పోశారనుకుంటున్నాను! పైగా బజార్లో దొరికేవి పొట్టు తీసిన సామలు, అవి మొలకెత్తవు. ఇవి పొట్టుతో ఉన్నాయి.

చిన్నమ్మికి మాత్రం ఇందులో వింతేమీ కనపడలేదు. సగం కొంగున కట్టుకుని, సగం మళ్ళీ బుర్రలోనే పోసి, బుర్ర మాకే ఇచ్చింది. ఈసారి సత్యవతిగారు కాదనలేదు. వాటికి ఇప్పటిదాకా పురుగు పట్టలేదు.

పంట కోతకొచ్చాక చిన్నమ్మి ఫొటో పంపింది. నడుంలోతు సామచేను, మధ్యలో తను.

ఎలా జరిగిందో నాకిప్పటికీ తెలీదు. సత్యవతిగారు ఊళ్ళో లేని రోజున తలుపులు తీసేది నేనే. అటూ ఇటూ చూసుకుని, "జోగమ్మా, బావున్నావా?" అని అడుగుతాను. బుర్ర ఊపి మాత్రం చూడను.