తప్పుకాదు గారి చొక్కా

తప్పుకాదు గారి లెక్కలో ఈ భూమ్మీద పుట్టిన మనిషెవడూ తప్పు చేయడు. తప్పులన్నీ వస్తువులవే. ఆఫీసు అద్దం తలుపును లాగాల్సింది పోయి నెట్టి, నుదురు బొప్పి కట్టించుకున్నవాడి దగ్గరికి పరుగున వెళ్ళి, "మీ తప్పు కాదండీ, తలుపుది" అంటారు. అని ఊరుకోరు. తలుపుకేసి గుడ్లురిమి చూసి, "లాగండి" అని కాగితం అంటించి మరీ వస్తారు. ఆయన అసలు పేరేమిటో ఆఫీసులో జీతాలిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఇంట్లోనూ ఇదే వరస. బావమరిది కారు వెనక్కి తీస్తూ గేటును గుద్దేస్తే, "నీ తప్పు కాదు బావా, అసలు గేటు అక్కడెందుకుండాలి?" అన్నారట. ఆయన భార్య ఓసారి ఆఫీసుకొచ్చి చుక్కలమ్మాయి దగ్గర వాపోయింది. "మా ఇంట్లో మనుషులంతా దేవుళ్ళేనమ్మా. సామాన్లే పరమ దుర్మార్గపువి."

చుక్కలమ్మాయి అంటే ఆ దర్యాప్తు ఆఫీసులో మోసాల కేసులు చూసే అమ్మాయి. ఆమె కంప్యూటర్ తెర మీద ఒక్కో మనిషీ ఒక్కో చుక్క. ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎవరికి ఎవరితో లావాదేవీలున్నాయి, అవన్నీ గీతలు. ఆ చిక్కులోంచి దొంగను బయటికి లాగడం ఆమె పని. ఆ తెర మీద ఏ బటన్ ఎక్కడుంటే ఆమె చేతికి వీలో చూసి గీయడం తప్పుకాదు గారి పని. అందుకని స్టూలు వేసుకుని ఆమె వెనకాలే కూర్చునేవారు. మౌస్ కాస్త ఆగితే చాలు, వెనక నుంచి గొంతు వినపడేది.

"ఆగావేం? వెతుక్కుంటున్నావా? నీ తప్పు కాదమ్మా, బటన్ దాక్కుంది."

"దాక్కోలేదండీ, నాకు తుమ్మొచ్చింది."

"అయితే ముక్కుది తప్పు."

ఆమెకు నవ్వూ వచ్చేది, విసుగూ వచ్చేది. ఆయన రాని రోజున మాత్రం వీపు వెనక ఏదో వెలితిగా ఉండేది.

అలాంటి అమ్మాయి చేతిలోనే పెద్ద పొరపాటు జరిగింది. ఒక మోసగాడి చుక్క, అదే పేరున్న ఓ దర్జీ చుక్క పక్కపక్కన పడ్డాయి. "వీళ్ళిద్దరూ ఒకరేనా?" అంటూ తెర మధ్యలో చిన్న పెట్టె ఊడిపడింది. అడ్డుగా ఉంది కదా, తీసేద్దామని ఆమె ఎంటర్ కొట్టింది. పెట్టె పోయింది. దాంతోపాటు రెండు చుక్కలూ ఒకటైపోయాయి. ఆమె చూసుకోలేదు. మర్నాడు పోలీసులు దర్జీ కొట్టుకు తాళం వేశారు. నిజం తేలి తాళం తీసేలోగా వీధి వీధంతా ఆయన్ని దొంగను చూసినట్టు చూసింది.

డైరెక్టర్ గారు మండిపడ్డారు. దర్యాప్తులో ఈ అమ్మాయిని ఉంచాలా, పాత ఫైళ్ళ గదికి పంపాలా అన్నది శుక్రవారం మీటింగులో తేల్చేస్తానన్నారు. ఆ పనంటే ఆమెకు ప్రాణం.

"నీ తప్పు కాదమ్మా" అన్నారు తప్పుకాదు గారు.

ఆమెకు ఒళ్ళు మండింది. "తలుపు గుద్దుకున్నవాడికీ అదే మాట, గేటు గుద్దినవాడికీ అదే మాట! ఊరందరికీ పంచిపెట్టే మాట నాకెందుకండీ? ఆ దర్జీ గారి మొహం చూడటానికి నాకు ధైర్యం చాలట్లేదు."

ఆయన స్టూలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. అనవసరంగా నోరు జారానని ఆమె ఆ రోజంతా కుమిలిపోయింది.

శుక్రవారం మీటింగుకు ఆయన కొత్త చొక్కాలో వచ్చారు. దాని ఒక చెయ్యి మణికట్టు దగ్గరే ఆగింది, రెండోది వేళ్ళను మింగేసింది. అందరూ నవ్వు బిగబట్టుకున్నారు. ఆయన తన లాప్‌టాప్ తీసుకెళ్ళి డైరెక్టర్ గారి ముందు పెట్టారు.

"ఇవన్నీ ఉత్తుత్తి వివరాలు సార్. ఈ చుక్క మీరు. మీ గీతలు ఎక్కడెక్కడికి వెళ్ళాయో ఒక్కసారి చూడండి."

తన చుక్క పెద్దగా ఉన్నందుకు డైరెక్టర్ గారు లోలోపల మురిసిపోయారు. గీతలు చూడబోతుండగా పెట్టె ఊడిపడింది. "మధ్యలో ఇదొకటి!" అని ఆయన ఎంటర్ కొట్టారు. అంతే, ఆయన చుక్క వెళ్ళి మోసగాడి చుక్కలో కలిసిపోయింది. ఊళ్ళో ఉన్న దొంగలందరి గీతలూ వచ్చి ఆయన్ను చుట్టుకున్నాయి.

"ఇది నా తప్పు కాదు!" అని అరిచారు డైరెక్టర్ గారు.

గదంతా పగలబడి నవ్వింది. చివరికి ఆయనా నవ్వేశారు. "సరేనయ్యా, మరి ఎవరిది?"

"నాది సార్. ఆ పెట్టె గీసింది నేను. ఎంటర్ కొడితే ‘అవును’ అనుకునేలా పెట్టిందీ నేనే. పని చకచకా సాగుతుందనుకున్నాను. అడ్డొచ్చినదాన్ని మనిషి చెయ్యి తోసేస్తుందని ఆలోచించలేదు."

తప్పుకు వస్తువును కాక మనిషిని వెతికి పట్టుకోవడం ఆయన జన్మలో అదే మొదలు. చుక్కలమ్మాయి దర్యాప్తులోనే ఉండిపోయింది. పెట్టెను మార్చమన్నారు.

ఆ సాయంత్రం ఆమె గుండె చిక్కబట్టుకుని దర్జీ కొట్టుకు వెళ్ళింది. "మీకు జరిగినదంతా నా చేతి మీదుగానే జరిగిందండీ. క్షమించండి" అంది.

దర్జీ మిషను ఆపి కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "నువ్వు కాదుట కదమ్మా! మొన్ననే ఒకాయనొచ్చి, తప్పు తనదేనని నాకే కాదు, చుట్టుపక్కల కొట్లన్నిటికీ వెళ్ళి చెప్పాడు. గిరాకీ లేదని చూసి చొక్కా కుట్టించుకున్నాడు. మనసు బాగాలేక ఒక చెయ్యి పొడుగు కుట్టేశాను. సరిచేస్తానంటే వింటేనా! ‘మీ తప్పు కాదు, నా చేతులే సరిగ్గా లేవు’ అని తొడుక్కుని, వీధంతా తిరిగి, కుట్టింది నేనేనని అందరికీ చెప్పాడు." నిట్టూర్చాడు. "ఆ చొక్కాకి మాత్రం నా పేరు చెప్పకుండా ఉంటే బాగుండేది."

అందరికీ పంచే ఆ మాటను ఆయన ఊరికే పంచడం లేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆయన మీద గుండె నిండా ప్రేమ పొంగింది.

మర్నాడు ఆమె రాగానే ఆయన చేయి చాచి, "స్టూలు వేసుకోనా అమ్మా?" అన్నారు. పొడుగు చెయ్యి జారి వేళ్ళ మీద పడింది.

"ముందు ఆ చొక్కా తెచ్చివ్వండి. దర్జీ గారు సరిచేస్తారట."

ఆయన కంగారుపడ్డారు. "చొక్కాకేమమ్మా, బాగానే ఉందిగా!"

"చొక్కా భేషుగ్గా ఉందండీ. తప్పంతా మీ చేతులదే."

ఆయన తన రెండు చేతులకేసీ గుడ్లురిమి చూసుకుని, బుద్ధిగా స్టూలు లాక్కుని కూర్చున్నారు.