లారీ క్యాబిన్‌లో పాట ఎటు నుంచి వినిపించాలి: ఫిల్మ్‌నగర్‌లో ఒక శనివారం

మా అక్క పద్మ భర్త సైదులు బావ సూర్యాపేటలో లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు క్యాబిన్‌లోనే తినేవాడు, క్యాబిన్‌లోనే పడుకునేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క సరదా పాటలు. నేను యూసుఫ్‌గూడలో గది అద్దెకు తీసుకుని హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేస్తున్నాను. నెలకొక అద్దాల భవనం లేస్తున్న రోజులివి. ఆఫీసులో ఖరీదైన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇంటర్నెట్‌లో స్పీకర్ల గురించి చదివి చదివి, అప్పటికి నాకు అన్నీ తెలుసనుకునే దశలో ఉన్నాను. బావ లారీలో స్టీరియో నేనే బిగించాను. రెండేళ్లలో మూడుసార్లు స్పీకర్ల స్థానం మార్చాను. ప్రతిసారీ ఆయన ఒకటే మాట అనేవాడు: "పాట సక్కగ వినవడ్తలేదు బామ్మర్ది. రెండూ ఎడమ దిక్కుకే పెట్టరాదు?" అది తప్పు పద్ధతి అని ప్రతిసారీ నేను పాఠం చెప్పేవాణ్ణి. చివరికి, నా మాట నిజమని ఒక పెద్దమనిషి చేత చెప్పించాలన్న పంతంతో ఈ ప్రయాణం పెట్టుకున్నాను. లారీలో మంచి సౌండు కోసం హైదరాబాదు రావాలనుకునేవాళ్లకు పనికొస్తుందని దారి, ఖర్చులు కూడా రాస్తున్నాను.

ఆ శనివారం బావ ఫిల్మ్‌నగర్‌లో వేస్తున్న ఒక సెట్టు కోసం ప్లైవుడ్ తెస్తున్నాడు. పగలు నగరంలో లారీలు తిరగనివ్వరు కాబట్టి పొద్దున్నే లోపలికి వచ్చేసి, సరుకు దింపి, రాత్రి పది దాకా ఉన్నచోటే ఉండాలి. మిగతా డ్రైవర్లకు అది విసుగు, నాకు మాత్రం అదే కావాల్సింది. ఒక పూట పనికి లారీ కదలకుండా దొరుకుతుంది. నేను ముందురోజు దిల్‌సుఖ్‌నగర్‌లో స్నేహితుడి గదిలో పడుకుని, ఐదింటికి ఎల్బీ నగర్‌లో లారీ ఎక్కాను. ఇన్నర్ రింగు రోడ్డు మీద ఆరాంఘర్, అత్తాపూర్, అక్కణ్ణుంచి మెహిదీపట్నం, టోలీచౌకి, షేక్‌పేట మీదుగా ఆరున్నరకు చేరాం. ఆ సమయంలో గంటన్నర చాలు. ఏడు దాటితే రెట్టింపు పడుతుంది. హమాలీలు ప్లైవుడ్ దింపుతుంటే మేము రోడ్డు మీది టిఫిన్ బండి దగ్గరకెళ్లాం. పోలీసు యూనిఫాంలో ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులు టోపీలు చంకలో పెట్టుకుని ఇడ్లీ తింటున్నారు. ప్లేటు పది రూపాయలు, అల్లం చట్నీ ఎంతైనా వేస్తారు.

"అన్నా, చట్నీ ఏయమంటవా?" అని బండి ఆమె బావ కుడిపక్కన నిలబడి రెండుసార్లు అడిగింది. ఆయన పలకలేదు. "వెయ్యమ్మా," అని నేనే అన్నాను. పొద్దున్నే లేచిన నిద్రమత్తు అనుకున్నాను.

తొమ్మిదింటికి ఆటో పట్టుకుని, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా కృష్ణానగర్ దిగి, రాఘవరావుగారి ఇంటికి వెళ్లాను. ఆటోకు నలభై అయింది. మీటరు మీద రమ్మంటే ఎవరూ రారు. రాఘవరావుగారిది తెనాలి దగ్గర ఊరు. ముప్పై ఏళ్లు రికార్డింగు థియేటర్లలో సౌండు పనిచేసి మానేశారు. మా ఆఫీసులో ఒకతను ఆయన ఇంట్లో పైవాటాలో అద్దెకుండటం వల్ల పరిచయం దొరికింది. సన్నగా, తెల్ల చొక్కాలో, చేతిలో గుడ్డసంచితో గుమ్మంలోనే సిద్ధంగా ఉన్నారు. "లారీలో ఇమేజింగా? పాటలో ఎవరెక్కడ నిలబడ్డారో వినిపించాలా? ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదండీ ఈ పని! పదండి, చూద్దాం," అని నవ్వారు. దారిలో యూసుఫ్‌గూడ మెయిన్ రోడ్డు మీద ఆటో ఎలక్ట్రికల్ షాపులో పది గజాల వైరు, మందపాటి రబ్బరు మ్యాటు కొన్నాం. రెండూ కలిపి మూడు వందల లోపే.

ఆయన పని చేసే తీరు చూడటానికైనా ఆ ప్రయాణం చేయొచ్చు. మొదట అరగంట స్పీకర్లను ముట్టుకోనే లేదు. ఇంజను మీది మూత దడదడలాడకుండా రబ్బరు మ్యాటు పరిపించారు, తలుపుల్లో వదులైన స్క్రూలు బిగించారు. తర్వాత టార్చి సెల్లు ఒకటి తీసి స్పీకరు వైర్లకు తాకించారు. ఒక స్పీకరులోని గుండ్రటి అట్ట ముందుకు వచ్చింది, రెండోదాని అట్ట వెనక్కి పోయింది.

"ఇది ఎవరు బిగించారండీ?"

"నేనేనండీ."

"ఒకదాని వైర్లు తిరగేశారు బాబూ. ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతుంది. గొంతు పలచబడి చెల్లాచెదురైపోతుంది, కింది స్వరాలు చచ్చిపోతాయి."

రెండేళ్లు బావకు అలాంటి పాట వినిపించానన్నమాట. బావ మాత్రం నా భుజం తట్టి, "పోనీ తియ్, సదువుకున్నోనివి, వైర్లతోటి నీకేం పని," అని నవ్వాడు.

తర్వాత రాఘవరావుగారు సంచిలోంచి దారపు ఉండ తీశారు. బావను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఆయన చెవి దగ్గర నుంచి ఒక్కో స్పీకరుకు దారం లాగి కొలిచారు. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి కుడి తలుపులోని స్పీకరు మరీ దగ్గరవుతుంది. దగ్గరున్నదే ముందు వినిపిస్తుంది, పాటంతా అటే ఒరిగిపోతుంది. అందుకని రెండింటినీ పాదాల దగ్గరికి, వీలైనంత ముందుకు దించి, పైకి తిప్పారు. అలా చేస్తే రెండు దూరాల మధ్య తేడా తగ్గుతుంది. నేను సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాను. గాయని సరిగ్గా ముందద్దం మధ్యలో నిలబడి పాడుతోంది. వేణువు ఎడమన, తబలా కుడిన. లారీ క్యాబిన్‌లో అలాంటిది వింటానని అనుకోలేదు. నా వాదనే గెలిచిందని పొంగిపోయి బావను సీట్లోకి పిలిచాను.

రాఘవరావుగారు పరీక్షకని ఒక క్యాసెట్టు పెట్టారు. యూసుఫ్‌గూడ సందులో రెండు మైకులు పెట్టి ఆయనే రికార్డు చేసుకున్నది. బెల్లు కొట్టుకుంటూ ఒక సైకిలు ఎడమ నుంచి కుడికి పోతుంది, అంతే. "కళ్లు మూసుకుని, బెల్లు ఎటుంటే అటు వేలు చూపించండి," అన్నారు. బావ ఎడమవైపు వేలు చూపించాడు. బెల్లు మధ్యకు వచ్చింది, వేలు కదల్లేదు. కుడివైపుకు వెళ్లింది, అప్పుడూ కదల్లేదు.

"దూరం పోయింది," అన్నాడు బావ.

రెండోసారి వేశారు. మళ్లీ అదే. మూడోసారీ అదే. పంతం నెగ్గబోయే చోట ఆయన కావాలనే చెడగొడుతున్నాడనిపించింది నాకు.

"పరాచికాలా బావా? చిన్నపిల్లలు కూడా చెప్తరు ఇది! లారీ తోలుడు కాదు, జర మనసు పెట్టి విను. నీకు వినుడే రాదు!"

హమాలీలు తలలు తిప్పి చూశారు. బావ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. రాఘవరావుగారు నన్ను చేత్తో ఆగమని, క్యాసెట్టు ఆపి, కిందకు దిగారు. లారీని చుట్టి కుడివైపు కిటికీ దగ్గర నిలబడి, మెల్లగా, "సైదులుగారూ," అన్నారు. బావ కదల్లేదు. ఇంకాస్త దగ్గరగా వచ్చి పిలిచారు. కదల్లేదు. మళ్లీ తిరిగొచ్చి ఎడమవైపు తలుపు దగ్గర నుంచి అంతే మెల్లగా పిలిస్తే, బావ గబుక్కున తిరిగాడు.

"కుడి చెవి ఎన్నాళ్ల నుంచి వినపడట్లేదండీ?" అని అడిగారాయన.

బావ నా వైపు చూశాడు. "రెండేండ్లు దాటింది సార్. టైరు పేలినప్పటి సంది," అన్నాడు.

ఆ టైరు సంగతి నాకు బాగా తెలుసు. నేను ఉద్యోగంలో చేరే రోజు నా మంచం, పుస్తకాలు, కంప్యూటరు బావే సూర్యాపేట నుంచి తెచ్చాడు. చౌటుప్పల్ దగ్గర టైరులో గాలి తగ్గింది. పంక్చర్ షాపతను టిఫిన్‌కు పోయాడు, పావుగంటలో వస్తాడన్నారు. పదింటికల్లా ఆఫీసులో ఉండాలని నేను తొందరపెట్టాను. బావ తనే పక్కన వంగి గాలి పట్టాడు. అది పేలిపోయింది. అందరం పరుగెత్తాం. ఆయన చెవి పట్టుకుని కింద కూర్చుని, తర్వాత లేచి నవ్వి, "ఏం గాలే, ఫికర్ చెయ్యకు," అని టైరు మార్చి, ఎల్బీ నగర్‌లో నన్ను ఆటో ఎక్కించి వేళకు పంపాడు, సామాను రాత్రికి తెచ్చాడు. ఆఫీసులో టీ తాగేటప్పుడు నేను ఎన్నిసార్లో చెప్పిన కథ అది. నా మొదటి రోజుకు మా బావ తుపాకి పేల్చి గౌరవవందనం చేయించాడని చెప్పి అందరినీ నవ్వించేవాణ్ణి.

"నాకెందుకు చెప్పలే బావా?"

"చెప్తే ఏమైతది? ఓనరుకు తెలిస్తే బండి ఇయ్యడు. మీ అక్క ఏడుస్తది. నువ్వేమో నీ వల్లనే అయిందని కుములుతవు. కొత్త నౌకరి." మళ్లీ తనే, "అందుకనే గద ఎడమ దిక్కుకు పెట్టుమన్న. గంతకన్న ఎట్ల చెప్పాలె?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో.

రాఘవరావుగారు పాదాల దగ్గర అంత శ్రమపడి పెట్టిన స్పీకర్లు రెండూ ఊడదీశారు. "ఒక చెవితో వినేవారికి ఎడమ, కుడి ఉండవండీ. మాట స్పష్టంగా వినపడటమే ముఖ్యం," అంటూ రెండు వైపుల సౌండునూ కలిపి ఒకే స్పీకరుకు ఇచ్చి, దాన్ని ఇంజను మూత అంచున, బావ ఎడమ చెవికి ఎదురుగా బిగించారు. పాట పెట్టారు. బావ తల కొంచెం వంచి విన్నాడు. రెండో చరణంలో ఉలిక్కిపడినట్టు చూసి, "ఈ పాటల ఈ మాట ఉన్నదా? ఇన్నొద్దులు వేరే అనుకున్న!" అన్నాడు. ముఖమంతా వెలిగింది. ఆ వెలుగు రెండేళ్ల కిందటే, ఆయన మొదటిసారి అడిగిన రోజునే, పావుగంట పనితో చూడగలిగేవాణ్ణి.

వెళ్లేముందు రాఘవరావుగారు నన్ను పక్కకు పిలిచారు. "పాట నేను ఇటు తెచ్చిపెట్టగలిగాను బాబూ. కుడివైపు నుంచి వచ్చే హారను తెచ్చిపెట్టలేను. సౌండు తగ్గించుకుని వినమనండి. అన్నిటికన్నా ముందు డాక్టరుకు చూపించండి." ఎంత ఇవ్వమంటారని అడిగితే ఆటో చార్జీలు మాత్రం తీసుకున్నారు.

బావ రాత్రికే తిరిగి వెళ్లాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఓనరుకు ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదని చెప్పించి, వేరే డ్రైవరును రప్పించాను. సోమవారం సెలవు పెట్టి కోఠిలో చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. వినికిడి చూపే కాగితం మీద కుడి చెవి గీత అడుగుకు పడిపోయింది. "పేలిన వారంలోపు వచ్చి ఉంటే మందులతో ఎంతో కొంత ప్రయత్నం చేసేవాళ్లం. ఇప్పుడు చేయగలిగింది లేదు," అన్నాడు డాక్టరు. ఆ వారమంతా నేను ఆఫీసులో కొత్త కుర్చీ, కొత్త గుర్తింపు కార్డు చూసుకుని మురిసిపోతున్నాను.

రెండు వారాల తర్వాత బావే ఓనరు దగ్గరకు వెళ్లి నిజం చెప్పి, తాళాలు ఇచ్చేశాడు. "ఎవల్నన్న గుద్దితే ఆ పాపం నాకెందుకు," అన్నాడట. ఓనరు మంచివాడే, గోడౌనులో లోడింగు చూసుకునే పని ఇచ్చాడు. జీతం తగ్గింది. అక్క ఆ సంగతి నాతో ఎప్పుడూ ఎత్తలేదు. రోడ్డుకు దూరమవడమే బావకు పెద్ద దెబ్బ. మొన్న వెళ్లినప్పుడు చూశాను, ఎవరి లారీ వచ్చినా బయటికొచ్చి, ఎక్కడి నుంచి వస్తున్నావు, దారెట్లుందని అడుగుతున్నాడు.

ఆ రోజు హమాలీల ముందు నేనన్న మాటకు క్షమించమని ఫోనులో అడిగాను. "ఏ మాట?" అన్నాడు. నిజంగా మరిచాడో, నా కోసం మరిచినట్టు చెప్పాడో తెలియదు. పేలుడు వల్ల పోయిన చెవికి నా తొందర కొంత కారణం, కొంత దురదృష్టం అని సర్దిచెప్పుకోగలను. కానీ ఆ తర్వాతి రెండేళ్లకు ఏ సర్దుబాటూ కుదరదు. గాయని అద్దం మధ్యలో నిలబడాలని ఇంటర్నెట్‌లో చదివినవాణ్ణి, ఆ అద్దం వెనక కూర్చున్న మనిషి నాలుగు ముక్కల్లో అడిగింది వినలేదు. మీరు లారీలో స్టీరియో పెట్టించబోతుంటే ఒక్క సలహా: స్పీకర్లు కొనకముందే, రోజూ ఆ సీట్లో కూర్చునే మనిషిని ఒక చెవి వేలితో మూసుకుని పాట వినమనండి, తర్వాత రెండో చెవి మూసుకుని వినమనండి. తేడా ఉందంటే ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. స్పీకర్లు ఆ తర్వాత.