అరగ్లాసు విశ్వాసం

విశ్వాసం ఇంటికి ఎవరు వెళ్లినా మంచినీళ్లు ఇస్తాడు. అరగ్లాసు ఇస్తాడు. గ్లాసు చిన్నదేమో అనుకునేరు, గ్లాసు పెద్దదే, నీళ్లే సగం. "తాగి చూడు. దాహం తీరకపోతే ఇంకో అర పోస్తా. నిండా పోస్తే సగం తాగి సగం పారబోస్తావు, నీ సంగతి నాకు తెలీదా?" అంటాడు. పెళ్లిపత్రిక పట్టుకొచ్చిన వాళ్లకూ ఇదే మాట. దాంతో మార్కాపురం చివర ఆ వీధిలో ఆయన ఇంటికి వచ్చేవాళ్లు తగ్గి తగ్గి, ఆఖరికి పాలాయన ఒక్కడు మిగిలాడు. ఆయన కూడా గడప దాటడు.

విశ్వాసం ఏళ్ల తరబడి పలకల ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన మనిషి. ఇంట్లో ప్రతి కుండ మీదా ఓ విరిగిన పలక మూత, నీళ్లు ఎండకు ఆవిరైపోకుండా. బియ్యం కడిగిన నీళ్లలో కూరగాయలు కడుగుతాడు, ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తాడు. పెద్ద టబ్బులో నిలబడి స్నానం చేసి, టబ్బులో పడిన నీళ్లు పాయిఖానాకు దాస్తాడు. చేతులు కడుక్కోవడానికి మూతకు సూదితో బెజ్జం పెట్టిన ప్లాస్టిక్ సీసా వేలాడదీశాడు. దాని కింద చెయ్యి కడిగేలోగా అన్నం చల్లారిపోతుందని వీధిలో నవ్వుకుంటారు.

ఇలాంటి మనిషికి దేవుడిచ్చిన పొరుగు షరీఫాబీ. భర్త పోయి, కూతురు ఇర్ఫానా గిద్దలూరు కాపురానికి వెళ్లాక ఆమె కూడా ఒంటరిదే. తెల్లవారుజాము నమాజు అయ్యాక ముందు వాకిలి, తర్వాత గచ్చు, తర్వాత మళ్లీ వాకిలి కడగనిదే ఆమెకు టీ గొంతు దిగదు.

"చెల్లెమ్మా, వాకిలికి తలంటు పోస్తున్నావా ఏంది?" అని గోడ అవతలి నుంచి విశ్వాసం.

"పోస్తున్నా. పండగ దగ్గర పడింది గదన్నా."

"ఏం పండగ?"

"నీ నోరు మూతపడే పండగ."

రోజు మొత్తం మీద ఆ ఇద్దరికీ దక్కే మాటలు అవే. మిగతా పొద్దంతా ఆయన ఇంట్లో ఆయన, ఆమె ఇంట్లో టీవీ.

షరీఫాబీ ధీమాకు కారణం ఉంది. ట్యాంకర్ వారానికోసారి వచ్చి ఇంటికి రెండు డ్రమ్ములు నింపి పోతుంది. అందరి డ్రమ్ములూ వారం గడవకముందే అడుగు చూపిస్తాయి. షరీఫాబీవి మాత్రం ఎంత ముంచినా తరగవు. రాత్రి సగానికి దిగిన నీళ్లు, తెల్లారి నమాజు చేసుకుని వచ్చేసరికి పైకొచ్చి ఉంటాయి. "బిస్మిల్లా అని చెంబు ముంచుతా. అల్లా బర్కత్ ఇచ్చినాడు, ఎంత తోడినా తరగదు," అని వీధంతా చెప్పుకుంది. కొందరు ఆడవాళ్లు వచ్చి ఆ డ్రమ్మును తాకి కళ్లకద్దుకుని పోయారు కూడా.

ఆ గర్వంతోనే ఎండాకాలం మొదట్లో నోరు జారింది. నీళ్లు చాలడం లేదని ట్యాంకర్ వంతులు చూసే కేథరిన్ వీధివాళ్లను కూర్చోబెట్టినప్పుడు, "ఒంటి మనుషులకు రెండు డ్రమ్ములెందుకు? నాకు ఒకటి చాలు, నాది బర్కత్ ఉన్న డ్రమ్ము. విశ్వాసమన్నకు మాత్రం రెండెందుకు? అరగ్లాసు మనిషి, మిగిలిన నీళ్లు అమ్ముకుంటాడా?" అంది. అందరూ నవ్వారు. వచ్చే ట్యాంకర్ నుంచి ఒంటివాళ్లకు ఒకటే డ్రమ్మని తేల్చేశారు.

విశ్వాసం నవ్వలేదు. "ఆలోచించే అన్నావా చెల్లెమ్మా?" అని మాత్రం అడిగి చెప్పులేసుకున్నాడు. మర్నాడు బేస్తవారిపేటలో తన చెల్లెలి ఇంట్లో పెళ్లికని బస్సెక్కాడు.

షరీఫాబీ ఎప్పట్లాగే గచ్చు కడిగింది. అవతలి నుంచి మాట లేదు. హాయిగా ఉండాల్సింది, ఉండలేదు. ఇంకో చెంబు కొంచెం గట్టిగా కొట్టి చెవి పెట్టింది. తిట్టే మనిషి లేకపోతే ఇల్లు ఇంత ఖాళీగా ఉంటుందని ఆమెకు తెలియదు. పైగా డ్రమ్ములో నీళ్లు రాత్రి ఎంత ఉన్నాయో తెల్లారీ అంతే ఉన్నాయి. బిస్మిల్లా ఇంకాస్త గట్టిగా అని చూసింది. పెళ్లి ముగిసే రోజుకు చెంబు డ్రమ్ము అడుగున గీరుకుంది.

అప్పుడు తలెత్తి చూసింది. వీధంతా ఎండకు పెళుసెక్కి ఉంటే, మధ్యగోడ మీద, సరిగ్గా తన డ్రమ్ముల నెత్తిన, పచ్చటి నాచు చార. స్టూలెక్కి గోడ అవతలికి తొంగి చూసింది. ఎత్తయిన అరుగు మీద పలకల మూతలతో విశ్వాసం డ్రమ్ములు, వాటి పక్కన గోడ మీదికి అందేటంత రబ్బరు పైపు.

తను నమాజులో ఉన్న వేళ ఈయన పైపు నోట పెట్టి పీల్చి తన డ్రమ్ములోకి నీళ్లు వదలడం, ఆ నీళ్లతోనే తను గచ్చు కడుగుతుంటే తిట్టడం. ఆమెకు ఒళ్లు మండింది. వెంటనే సిగ్గేసింది. అదే పూట కేథరిన్ దగ్గరికి పోయింది.

"విశ్వాసమన్నవి రెండూ ఆయనకే ఉండనీ. నాకు మాత్రం ఒకటే పోయించు."

"మరి నీ బర్కత్ ఏమైంది పిన్నీ?"

"పెళ్లికి పోయింది. రేపటి బస్సుకు వస్తాది."

వచ్చిన సాయంత్రమే విశ్వాసాన్ని గోడ దగ్గర నిలబెట్టి అడిగింది. "నీళ్లు పోసేవాడివి పోసినావు. తిట్టడం దేనికన్నా?"

"మా ఇంటిది సరోజ పోయినాక ఇంట్లో చప్పుడు లేదు చెల్లెమ్మా. నువ్వు గచ్చు కడిగే చప్పుడు ఇంటేనే నాకు తెల్లారినట్టుంటాది. నీళ్లు అయిపోతే కడగవు గదా."

"అది సరే, తిట్టేది?"

"తిట్టకపోతే నువ్వు పలకవు గదా."

షరీఫాబీ లోపలికి పోయి గోడ మీదుగా గ్లాసు నిండా టీ అందించింది. నిండా ఎందుకని గొణిగాడు గానీ, చుక్క మిగల్చలేదు.

ఇప్పుడు ఆమె ఇంట్లోనూ బెజ్జం సీసా వేలాడుతోంది. బట్టలు జాడించిన నీళ్లతోనే గచ్చు తుడుస్తుంది. ఒక్క డ్రమ్ము వారమంతా వస్తోంది. కానీ నమాజు కాగానే ఆ జాడించిన నీళ్లే ఓ చెంబుడు ముంచి, గోడ మొదట్లో నిలబడి, బలమంతా పెట్టి గచ్చుకేసి కొడుతుంది.

"చెల్లెమ్మా, ఎన్ని చెంబులు పారబోస్తున్నావు?"

"ఒక్కటే అన్నా. చప్పుడు నాలుగు చెంబులది."