తవుడు కంచాల పెళ్ళి

నాకు గోధుమ పడదని డాక్టరు తేల్చి చెప్పిన రోజున ఇంట్లో నాకంటే ఎక్కువ హడావిడి పడింది మా మావయ్యగారు. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా రిటైరై బెజవాడ వచ్చాక దిద్దడానికి ఏమీ దొరక్క అల్లాడిపోతున్నారాయన. "గోధుమ, మైదా, రవ్వ మానెయ్యాలమ్మా. తిండిలోనే కాదు, నోటికి తగిలే దేంట్లో ఉన్నా జాగ్రత్త," అన్నారు డాక్టరు. ఆ మాటల్లో మావయ్యగారికి "దేంట్లో ఉన్నా" అన్న ముక్క బాగా నచ్చింది.

స్టాఫ్ రూములో ఒకప్పుడు ఆయన పక్క కుర్చీ సైన్సు మాస్టారిది. పిండి మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలంగా మారుతుందని అప్పుడెప్పుడో విన్నారట. మర్నాడే మందుల షాపు నుంచి ఒక అయోడిన్ సీసా, డ్రాపరు తెచ్చేశారు.

మొదటి వేటు పచారీ కొట్టు కాగితం సంచి మీద పడింది. అతుకు దగ్గర చుక్క వేస్తే నల్లబడింది. "మైదా జిగురు! చూశావా అమ్మాయ్!" అని కేకేశారు. తరవాత కాగితం స్ట్రాలు, మా పాప ఆడుకునే రంగు పిండిముద్దలు, నా పౌడరు డబ్బా. ఆఖరికి ఆరేసిన నా మంగళగిరి చీర కొంగు మీద కూడా వేశారు. అదీ నీలమైంది.

"మావయ్యగారూ, అది గంజండీ! బియ్యం గంజి!"

"బియ్యానికీ మారుద్దా?"

"బియ్యానికైనా బంగాళాదుంపకైనా మారుద్ది. గోధుమేదో బియ్యమేదో ఆ చుక్కకి తెలీదండీ."

ఆయన సీసా మూత బిగించారు. "అయితే మాత్రం? అనుమానం ఉన్నవన్నీ దూరం పెడితే సరిపోద్ది," అన్నారు. ఆ లెక్కన ఇంట్లో నాకు మిగిలినవి స్టీలు గిన్నెలూ, గాజు గ్లాసులూను.

అలాంటి రోజుల్లో చల్లపల్లిలో పెళ్ళి వచ్చింది. పెళ్ళికొడుకు తండ్రి మా వారి పెదనాన్నగారి అబ్బాయి, నాకు బావగారు. ఏర్పాట్లన్నీ ఆడపెళ్ళివారివి. ప్లాస్టిక్ మీద కోపంతో పెళ్ళికూతురి నాన్నగారు గోధుమరంగులో మందపాటి కంచాలు తెప్పించారు. వాటిని చూడగానే మావయ్యగారి చెయ్యి జేబులోకి పోయింది. సీసా పెళ్ళికి కూడా వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది.

"వద్దండీ, ఎవరైనా చూస్తే బావుండదు," అన్నాను.

"నువ్వు అడ్డంగా నించో."

నించున్నాను. మరి నాకూ చూడాలనే ఉంది. చుక్క పడిన చోట కంచం నల్లబడింది. పక్కన స్వీట్ల కోసం పెట్టిన వక్కమట్ట ప్లేటు మీద వేస్తే ఏ మార్పూ లేదు. ఇంకో కంచం అందుకోబోతుండగా వెనకనుంచి బావగారు వచ్చి, "ఏంటి బాబాయ్, ఇక్కడ దాక్కున్నావ్?" అని భుజం మీద చరిచారు. మావయ్యగారు ఉలిక్కిపడి తిరిగారు. చేతిలోని డ్రాపరు చిమ్మింది. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన బావగారి తెల్లచొక్కా మీద, గుండెకి సరిగ్గా మధ్యలో, రూపాయి బిళ్ళంత నీలం మచ్చ తేలింది.

"అయ్యయ్యో, నా చొక్కా!" అని బావగారు కేకేశారు. ఆ అలికిడికి క్యాటరింగాయన పరుగెత్తుకొచ్చాడు.

"ప్లేట్లకేమన్నా అయ్యిందా సార్?"

"వీటిని దేంతో చేశారు?" అని మావయ్యగారు గద్దించారు.

"గోధుమ తవుడండి. ఎంతో సేఫండి. భోంచేశాక ప్లేటు కూడా తినెయ్యొచ్చు," అంటూ ఒక అంచు విరిచి మా ముందే కరకరా నమిలాడు.

మావయ్యగారి మొహం వాడిపోయింది. అడిగితే తేలిపోయే దానికి ఇంత పరిశోధన! నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాను. అది ఆయన చూడనే చూశారు. పోయిన పరువు నిలబెట్టుకోవాలని కాబోలు, కత్తి అడిగి తీసుకుని మండపం గుమ్మానికి కట్టిన అరటి చెట్టు ఆకొకటి కోసుకొచ్చారు. పూరీల గరిటెలు తగలకముందే గుండిగలోంచి అన్నం తెప్పించారు. సాంబారులో ఇంగువుంది, ఇంగువలో మైదా కలుపుతారు, వద్దన్నారు. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయతో కడుపునిండా తిన్నాను. ఆ తరవాత కూడా నా కడుపు కిక్కురుమనలేదు.

నేను తింటుండగానే పెళ్ళికూతురి నాన్నగారు మావైపు వచ్చారు. ఆయన కళ్ళు ముందు ఆకు తెగి ఒక పక్క బోసిపోయిన గుమ్మం మీదా, తరవాత వియ్యంకుడి చొక్కా మీదా పడ్డాయి.

"బావగారూ, ఆ మచ్చేంటండీ?"

బావగారు నోరు తెరిచేలోపే మావయ్యగారు అందుకున్నారు. "దిష్టి చుక్కండీ. పెళ్ళికొడుకు తండ్రికి పెడతాం, మా వైపు ఆనవాయితీ."

ఇంత నిబ్బరంగా అబద్ధమాడగలరని నేనెప్పుడూ అనుకోలేదు. బావగారు అవునన్నట్టు తలూపారు. ఆయన వియ్యంకుడు మాత్రం కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు కనిపించారు.

"మరి పెళ్ళికూతురి తండ్రికి తగలదాండీ దిష్టి?"

మావయ్యగారు నా వైపు ఒకసారి చూశారు. నేను పప్పులోకి చూశాను. ఆయన సీసా మూత తీసి, ఫెళఫెళలాడుతున్న ఆ పెద్దమనిషి చొక్కా మీద శ్రద్ధగా ఒక్క చుక్క వేశారు. మంచి గంజేమో, క్షణంలో నీలమైంది. పెళ్ళికూతురి నాన్నగారు తృప్తిగా తల వంచి చూసుకుని, వియ్యంకుడి చెయ్యి పట్టుకుని ఫోటోకి నిలబడ్డారు.

ఆల్బం వేసేటప్పుడు ఆ మచ్చలు తీసేస్తానని ఫోటోగ్రాఫరు అంటే, పెళ్ళికూతురి నాన్నగారు ససేమిరా ఒప్పుకోలేదట.