సుశీలత్తయ్య చదవని కాగితం

శనివారం మధ్యాహ్నం అంట్లు తోమడం అవగానే మా వీధి ఆడవాళ్ళంతా చాపలు చంకన పెట్టుకుని బడి వరండాకి బయల్దేరేవారు... మా చిన్నప్పుడు మహిళా మండలి అంటే అదే. చల్లపల్లి నుంచి లోపలికి వెళ్తే కాలవ పక్కన మా ఊరు.

ఒకరు వైరు బుట్ట అల్లేవారు, ఒకరు జాకెట్టుకి హెమ్మింగు చేసుకునేవారు. మధ్యలో కూర్చుని సుశీలత్తయ్య పేపరు పైకి చదివేది. మాకు చుట్టమేం కాదు... పక్కింటావిడ. పదో తరగతి దాకా చదువుకుంది. మండలికి పెద్ద ఆవిడే.

నాకప్పుడు పదేళ్ళు. మా ఊళ్ళో బడి ఐదో తరగతి వరకే. హైస్కూలు కాలవ అవతల. దాటాలంటే మూడు తాటిపట్టెలు, పట్టుకోవడానికి ఒక తాడు... అంతే! వానలకి కాలవ నిండితే మగపిల్లలు ఎలాగో దాటేసేవారు. ఆడపిల్లల్ని మాత్రం "పడితే ఎవరు తీస్తారే" అని ఇంట్లో కూర్చోబెట్టేవారు. అలా చదువు మానేసినవాళ్ళు మా ఒక్క వీధిలోనే నలుగురైదుగురు.

ఆ ఏడు మండలికి సొంత గది కట్టారు. ప్రారంభానికి పెద్దవాళ్ళు వస్తున్నారని తెలిసి, కాలవ మీద వంతెన అడుగుదామంది అత్తయ్య. మూడు వారాలు వరండాలో అదే మాట. ఒక్కొక్కరూ ఒక్కో మాట అందించారు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని అర్జీ నా చేత రాయించింది. రెండు పేజీలు వచ్చింది. "వానాకాలం వస్తే మా ఆడపిల్లల చదువు ఒడ్డునే ఆగిపోతోంది" అన్న వాక్యం మా అమ్మది. నలుగురిలో అమ్మ నోరు విప్పడం నేను చూడ్డం అదే మొదటిసారి...

ప్రారంభం పొద్దున పదింటికన్నారు. జీపులు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. వేదిక మీద ఏడు కుర్చీలు. ఏడింట్లోనూ మగవాళ్ళే! మండలి ఆడవాళ్ళంతా వెనక పాకలో పులిహోర కలుపుతూ, గ్లాసులు కడుగుతూ...

సుశీలత్తయ్య ఒక్కతే కాగితం మడిచి పట్టుకుని వేదిక పక్కన నిలబడింది. ఒకాయన తర్వాత ఒకాయన మాట్లాడుతున్నారు. స్త్రీ అంటే శక్తి అన్నారు... గంటన్నర నుంచి ఒకావిడ కళ్ళెదురుగా నిలబడి ఉంటే, ఆవిడకో కుర్చీ వెయ్యాలని ఒక్కరికీ తోచలేదు.

చివరికి ఊరి ప్రెసిడెంటుగారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా సుశీలా, టైము లేదు. పెద్దలందరికీ ధన్యవాదాలని రెండు ముక్కలు చెప్పేసెయ్యి" అన్నారు.

"వంతెన గురించి రాసుకొచ్చామండీ... రెండు నిమిషాలు చాలు."

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా? వాళ్ళకి భోజనాలు ఆలస్యం అయిపోతున్నాయి."

అత్తయ్య మైకు దగ్గరికి వెళ్ళింది. చదివేస్తుందనుకున్నాను. "అందరికీ ధన్యవాదాలండీ" అని దిగి వచ్చేసింది!

నాకెంత కోపమొచ్చిందో... ఆ పెద్దల మీద కాదు, అత్తయ్య మీద. ఇంటికెళ్ళే దారిలో అడిగేశాను, "ఎందుకు చదవలేదత్తయ్యా?"

"మైకు ముందు భయమేసిందే" అంది నడుస్తూనే. "తర్వాత గిన్నెలు కడుగుతుంటే వచ్చింది కోపం. ఏం లాభం... అప్పటికి జీపులు వెళ్ళిపోయాయి" అంది.

తర్వాతి శనివారం కొత్త గదిలో ఆ కాగితం నా చేత చదివించింది. కింద అందరూ సంతకాలు, వేలిముద్రలు వేశారు. సోమవారం పదకొండుమంది బస్సెక్కి మండలాఫీసుకి వెళ్ళారు. ఆఫీసరుగారు క్యాంపుకి వెళ్ళారన్నారు. మళ్ళీ వెళ్తే మీటింగులో ఉన్నారన్నారు. మూడోసారి, "ఇది మా పని కాదు, కాలవల వాళ్ళనడగండి" అన్నారు. అక్కడికీ వెళ్ళారు... ఇళ్ళల్లో మాటలు పడ్డారు. "వంటలు మానేసి ఊరేగుతున్నారు" అని వెక్కిరించారు. పదకొండుమంది కాస్తా ఆరుగురయ్యారు. ఆ ఆరుగురూ మాత్రం వదల్లేదు. అందులో మా అమ్మ ఉంది.

వంతెన వచ్చింది... మూడేళ్ళకి!

ఆ మూడేళ్ళూ వానల్లో అమ్మ నా చెయ్యి పట్టుకుని పట్టెలు దాటించింది. నా స్నేహితురాలు నాగమణిని దాటించేవాళ్ళు లేరు. వాళ్ళమ్మ తెల్లారేసరికి కూలికి వెళ్ళిపోవాలి. ఏడో తరగతిలోనే మానేసింది. వంతెన ప్రారంభం రోజు అది వరి ఊడ్పుల్లో కూలికి ఉంది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు మండిపోతుంది.

వంతెన పక్కన రాతి మీద తొమ్మిది పేర్లు చెక్కించారు. ఒక్క ఆడపేరు లేదు. సుశీలత్తయ్య దాని ముందు నిలబడి, పేపరు చదివినట్టే అన్ని పేర్లూ పైకి చదివింది. "పద పద, బడికి టైమవుతోంది" అని నన్ను ముందుకి తోసింది...

మొన్న ఊరెళ్ళాను. మండలి గదిలో చేపల మేత బస్తాలున్నాయి. మీటింగులు ఎక్కడ పెట్టుకుంటున్నారని ఇప్పటి లీడరమ్మాయిని అడిగాను. "ఇప్పుడంతా ఫోన్లోనే కదక్కా... హాజరు ఫోటో దిగి వెళ్ళిపోతాం" అంది. తప్పు పట్టలేను, ఎవరి పరుగులు వాళ్ళవి.

కానీ కుళాయిలో ఉప్పునీళ్ళు వస్తున్నాయట... నెలల తరబడి. ఏం చేస్తున్నారంటే, ఎవరింటికి వాళ్ళు క్యాన్లు తెచ్చుకుంటున్నామన్నారు. అందరూ చదువుకున్నవాళ్ళే, అందరికీ స్కూటర్లున్నాయి. "మనం ఏం చేద్దాం" అని పదిమంది కలిసి అనుకోవడమే ఎక్కడా వినపడలేదు...

మీ ఊళ్ళో ఆడవాళ్ళు ఇంకా ఒకచోట చేరి కూర్చుంటున్నారా? కూర్చుంటుంటే చెప్పండి... వినాలనుంది.